ఇరవై అయిదు మాటలు

నా పని లెక్కపెట్టడం.
కలెక్టరాఫీసు దిగువన రెడ్‌క్రాసు గది,
ఒక బల్ల, ఒక సిరాబుడ్డి,
జెనీవా మీదుగా శత్రువుల దేశాలకు పోయే ఫారాలు.
మనిషికి ఇరవై అయిదు మాటలు. ఇంటి కబుర్లు మాత్రమే.
ఇరవై ఆరోది కనబడితే ఎర్రసిరాతో కొట్టెయ్యాలి.
అందుకు నెలకు ఇరవై రెండు రూపాయలు.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఇర్మా లోవీ
డ్యూటీ దిగి, గురువారాల్లో వచ్చేది.
వార్డులో అందరికీ ఇర్మమ్మ.
వాళ్ళమ్మ రెగీనా బ్రూన్ అనే ఊళ్ళో, తమ్ముడు ఎమిల్‌తో.
"మేం యూదులం" అంది మొదటిరోజే,
కులం అడుగుతున్నాననుకుందేమో.

కరువులో బియ్యపుగింజలు ఏరినట్టు ఏరేది మాటల్ని.
"'ప్రియమైన' తీసేస్తే మోకాళ్ళనొప్పి గురించి
అడగడానికి చోటొస్తుందా, మిస్టర్ కుర్మా?"
కూర్మారావు ఆవిడ నోట్లో అంతవరకే పట్టేది.
మా భాషలోనైతే, అన్నాను,
ఎదురుచూస్తున్నానమ్మా.
ఒక్క మాట. మీకది నాలుగు.
నవ్వింది. నాలుగు ముక్కలుగా పలుక్కుంటూ డౌను ఎక్కి వెళ్ళింది.
సగం దూరం పోయి వెనక్కొచ్చి,
"మా అమ్మకి తెలుగు రాదే" అంది.

అదే కాగితం వెనక జవాబొచ్చేది, ఆర్నెల్లకో ఏడాదికో.
మొదటిది నిండా ఇరవై అయిదు.
ఎమిల్‌ని బడికి రానివ్వడం లేదు, ఇంట్లోనే చదువుతున్నాడు, ఎత్తు పెరిగాడు.
తర్వాతది, నాకు చదివి వినిపించింది:
చిన్న గదిలోకి మారాం. వెచ్చగానే ఉంది. దిగులుపడకు. వేళకు తిను.
ఎనిమిది.
మిగతా పదిహేడూ ఏమయ్యాయని నేనడగలేదు.
లెక్క మించితేనే నా పని. తగ్గితే కాదు.

ఏప్రిల్ ఆరున హార్బరు మీద జపాను విమానాలు.
చీకటి పడేసరికి ఊరు ఊరంతా లేచిపోయింది.
కురుపాం మార్కెట్లో చేపలు బుట్టల్లోనే ఉన్నాయి.
పిల్లల్ని బండిలో కుదేసి చోడవరం దారి పట్టాను,
తలుపుకి గొళ్ళెం పెట్టానో లేదో.
నెలన్నరకి తిరిగొస్తే
పెట్టలేదు.
ఉట్టిమీద పెరుగుకుండ అట్టకట్టి, పగుళ్ళు తేలి ఉంది.
పెరట్లో ఎవరిదో పిల్లి ఈనింది.
అంతే. పోయిందేమీ లేదు.

ఆ ఏడు దీపావళికి దీపాల్లేవు,
సముద్రం వైపు కిటికీలకి నల్లకాగితం.
ఆవిడ ఫారం తిరిగొచ్చింది. వెనక చేతిరాత లేదు.
ఊదారంగు ముద్ర ఒకటి. తనే చదివి చెప్పింది:
చిరునామా ఇవ్వకుండా వెళ్ళిపోయారు.

నేనన్నాను,
మేమూ అలాగే వెళ్ళాం కదమ్మా బాంబులప్పుడు,
చిరునామా ఎవరికిచ్చాం? వచ్చెయ్యలేదూ?
పెరుగుకుండ సంగతి కూడా చెప్పాను.
పిల్లి సంగతి చెప్పాను.
ఆవిడ ఆ కుండని పట్టుకుని మూడేళ్ళు బతికింది.

యుద్ధం ఆగాక పేపర్లో అంకెలు పడ్డాయి. లక్షల్లో.
ఇరవై అయిదు దాటితే కొట్టేసేవాణ్ణి,
బల్ల ముందు కూర్చుని ఆ సున్నాల్ని చూశాను.
ఆ పైయేడు జాబితా వచ్చింది.
రెగీనా లోవీ. ఎమిల్ లోవీ, పధ్నాలుగేళ్ళు.
ఒక తేదీ, ఒక రైలు నంబరు.
వాళ్ళు వెళ్ళలేదు. తీసుకెళ్ళారు.

గుమ్మం దిగేటప్పుడు మనం వెళ్తాననం,
వెళ్ళొస్తానంటాం.
ఆ ముద్ర కొట్టినవాడికి తెలుసు.
తెలిసే సగం మాట కొట్టాడు.

వాల్తేరు స్టేషన్లో, పెట్టె ఎక్కించాక,
ఇర్మమ్మ తెలుగులోనే చెప్పింది: "వెళ్తాను."
అలా అనకూడదమ్మా, అని దిద్దబోయి
ఊరుకున్నాను.

ఒక ఫారం నా దగ్గర ఉండిపోయింది. అంచులు పసుపెక్కాయి.
ఎక్కడున్నారో తెలీదు, అయినా రాద్దామని కూర్చుంటాను.
ఆ కుండ సంగతి మీకు చెప్పకుండా ఉండాల్సింది.
ఆరు.
ఇంకా పందొమ్మిదికి చోటుంది.